నలభై ఒకటో ఫైలు

మా వదిన ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మూటలు కడుతుందని చెబుతాను. అడిగినవాళ్లు ఏ గోదామునో, ఏ లారీ ఆఫీసునో ఊహించుకుంటారు. కాసేపు వాళ్లను అలాగే ఊహించుకోనిచ్చి, తర్వాత అసలు సంగతి చెప్పడం నాకు సరదా. పొద్దున పూట ఆమె కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీస్తుంది. దానికి జీతం ఉంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి కిటికీ పక్కన కూర్చుని కంప్యూటర్లో మూటలు కడుతుంది. దానికి ఎవరూ చిల్లిగవ్వ ఇవ్వరు. అయినా ఏ పని గురించి మాట్లాడితే ఆమె ముఖం విచ్చుకుంటుందో నాకు తెలుసు కాబట్టి, నా లెక్కలో అదే ఆమె పని.

మా ఇల్లు బట్టలుతికే కొట్టు మీద ఉంది. కింద కొట్టులో నేను హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి కోట్లు ఇస్త్రీ చేస్తాను. మొదటి అంతస్తులో అన్నయ్య, వదిన, నేను. రెండో అంతస్తులో ఒకే ఒక గది. అందులో వదిన వాళ్ల నాన్న, అంటే మా మామయ్య. అన్నయ్య తెల్లవారుజామున మొదటి బస్సు నడుపుతాడు, మధ్యాహ్నమంతా గుర్రు పెట్టి నిద్రపోతాడు. ఈ కథలో అతనికి అంతకన్నా పని లేదు. మా కొట్టు ఆవిరి గొట్టం సరిగ్గా వదిన కిటికీ కింద బయటికి వస్తుంది. రెండు గంటలకు ఆవిరి లేచి అద్దం మసకబారి, ఎదుటి తాళాల కొట్టు, సైకిళ్ల వరస, రోడ్డు మలుపు అన్నీ కరిగిపోయి ఉత్త రంగులు మిగులుతాయి. ఆ రంగుల ముందు వదిన ఎటో చూస్తూ కూర్చుంటుంది. పిలిస్తే ఉలకదు, పలకదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. కొత్తలో ఒళ్లు మండి, కావాలనే గిన్నెలు ధబధబా పెట్టేదాన్ని. ఆమె తిరిగి చూసి, ఏమైనా పడిందా అని అడిగేది. అంత అమాయకంగా అడిగితే కోపం ఎంతసేపని ఉంటుంది?

ఆమె కట్టే మూటలంటే ఏమిటో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. లోకంలో ఎక్కడెక్కడో కూర్చుని కొందరు ప్రోగ్రాములు రాస్తారు. రాసింది దాచుకోకుండా, చదువుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని ఉన్నదున్నట్టు బయట పెడతారు. దాన్ని సోర్సు అంటారు. అది ముడిసరుకు. నాలాంటిదాని చేతికిస్తే ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. దాన్ని తెచ్చి, కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చి, దాని వెంట ఇంకా ఏమేం కావాలో చీటీ రాసి, ఒక్క నొక్కుతో దిగేలా కట్టిపెడితే అది ప్యాకేజీ. మా ఇంటి భాషలో మూట. ఇలాంటివి వేలకు వేలు కట్టి, ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకోకుండా చూసి, లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ వాడేవాళ్లకు ఊరికే పంచే గుంపును డిస్ట్రో అంటారు. వదిన అలాంటి ఒక గుంపులో మనిషి. రాసేవాళ్లను వీళ్లు ఎగువవాళ్లంటారు, తాము దిగువవాళ్లు. పుట్టి బుద్ధెరిగాక నది పక్కన బతకని మనుషులు కూడా అలాగే అంటారట.

ముడిసరుకు మూటగా మారడానికి టైం పడుతుంది. అంతసేపూ తెర మీద సన్నటి తెల్లటి వరసలు కింద పుట్టి పైకి పోతూ ఉంటాయి. వదిన వాటిని చదవదు. తప్పు వస్తే వరసలు వాటంతట అవే ఆగిపోతాయి కాబట్టి చదవక్కర్లేదట. అవి పోతున్నప్పుడు తాను ఒకరి ఇంట్లోంచి ఇంకొకరి ఇంట్లోకి నడుస్తున్నట్టు ఉంటుందని ఒకసారి చెప్పింది. ఒక వరస ఎవరో చలి ఊళ్లో పొయ్యి దగ్గర కూర్చుని రాసి ఉంటారు, ఇంకొకటి ఎవరో పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒంటిచేత్తో రాసి ఉంటారు, అని. ఇస్త్రీ పెట్టె వేడెక్కేదాకా నేనూ వచ్చి ఆమె వెనక నిలబడేదాన్ని. నాకు ఇల్లూ కనిపించలేదు, వాకిలీ కనిపించలేదు. కానీ కళ్లు తిప్పుకోలేకపోయేదాన్ని. అద్దం అవతల ఆవిరి, తెర మీద వరసలు, పక్క గదిలో అన్నయ్య గుర్రు. మా ఇంట్లో అంత హాయిగా ఉండే వేళ ఇంకొకటి లేదు.

ఇదంతా మొదలైంది మామయ్య చేతుల వల్ల. ఆయన సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పటాలు గీశారు. రిటైరైన కొన్నేళ్లకు కుడిచేయి వణకడం మొదలైంది, తర్వాత ఎడమది. ప్రాణానికి ఏమీ భయం లేదని డాక్టరు చెప్పాడు. మామయ్య ఆ మాట విని తల ఊపి ఇంటికొచ్చి, తన పెన్నులన్నీ ఒక డబ్బాలో పెట్టి, చెత్తలో వేసెయ్యమని నా చేతికిచ్చారు. నేను చెప్పిన మాట వినేదాన్ని కదా, వేసేశాను. వదిన నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

మాట్లాడని ఆ మూడు రోజుల్లోనే ఆమె ఒక ప్రోగ్రాం కనిపెట్టింది. మౌస్ పట్టుకున్న చేయి వణికినా, తెర మీద గీత వణకదు. ఆ చేయి నిజంగా ఎటు పోవాలనుకుంటోందో పసిగట్టి, వణుకును వడగట్టేసి, మిగిలిన దారినే గీస్తుంది. దానికి ఏదో పొడుగాటి పేరుంది, మేము నిలకడ అని పిలుచుకున్నాం. ఎవరో ఒక పెద్దమనిషి ఒంటరిగా రాసి బయట పెట్టాడు. ఏ డిస్ట్రోలోనూ లేదు. సోర్సు తెచ్చి మామయ్య కంప్యూటర్లో చేత్తో పెట్టుకుంటే, కంప్యూటర్లో ఇంకేదైనా కొత్తది దిగినప్పుడల్లా ఇది చెడి కూర్చునేది. ఇక ఇలా కాదని, దీన్ని తానే మూట కట్టి డిస్ట్రోలో చేర్చాలని పట్టుబట్టి, అద్దాలు అరగదీసే మా వదిన ఈ విద్య నేర్చుకుంది.

మొదటి మూటను వెనక్కి పంపారు. వచ్చిన మూటలను పరీక్షించే పెద్దాయన ఒకడు ఉన్నాడు, ఎక్కడుంటాడో తెలియదు. ఏది పంపినా ఎక్కడో ఒకచోట కోస్తాడు కాబట్టి నేను కత్తెర అని పేరు పెట్టాను. వదిన కంప్యూటర్లో చక్కగా నడిచిన మూట కత్తెర దగ్గర కనీసం తెరుచుకోలేదు. ఎందుకంటే దానికి కావలసిన సామాను ఒకటి వదిన కంప్యూటర్లో ముందే ఉంది, అందుకని చీటీలో రాయలేదు. ఇంట్లో ఎప్పుడూ ఉప్పు ఉంటుందని వంట పుస్తకంలో ఉప్పు రాయకపోవడం లాంటిది. అప్పటినుంచి ఆమె ప్రతి మూటనూ ఏ సామానూ లేని ఉత్త ఖాళీ గదిలాంటి చోట కట్టి చూస్తుంది. అది కంప్యూటర్లోనే ఉండే గది. కానీ వదిన దాని గురించి చెబుతుంటే, తెల్లగా సున్నం వేసి, కిటికీలు తెరిచి, చీపురు పుల్ల కూడా లేని గదిలో ఆమె నడుస్తున్నట్టే ఉండేది.

నిలకడ డిస్ట్రోలో చేరింది. మామయ్య మళ్లీ గీయడం మొదలుపెట్టారు. ఆఫీసు పటాలు కాదు. లేని ఊరు ఒకటి గీశారు. రోజుకో వీధి, ఒక్కోసారి ఒక మూల మలుపు మాత్రమే. సాయంత్రం అయ్యేసరికి ఆ రోజు గీసింది పైనుంచి వదిన కంప్యూటర్‌కు వచ్చేది. ఏడేళ్లు అలా వచ్చింది. మేము టీ తాగుతూ ఆ ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్లం. వంతెన దగ్గర మెట్లు మరీ నిటారుగా ఉన్నాయని, స్కూలు వెనక సందులో ఎండ రాదని. ఆ ఊళ్లో నాకు ఆయన రెండు కిటికీల కొట్టు ఒకటి ఇచ్చారు, ఆవిరి గొట్టం ఎవరి కిటికీ కిందికీ రాకుండా. అన్నయ్య బస్సు వెళ్లడానికి రోడ్డు వెడల్పు చాలదని నేను పేచీ పెడితే మర్నాటికి వెడల్పయ్యేది. ఆ గీతలు చూస్తే ఎవరైనా పాతికేళ్ల వాడి చేయి అంటారు. వదిన వాటిని చూసి, నాన్న బాగున్నాడు అనుకుని, తృప్తిగా తెర మూసేది.

ఇప్పుడు ఒక తప్పు గురించి చెప్పాలి. ఆ తప్పు మూటలు కట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు. ప్రతి మూటలోనూ ఒక కాగితం ఉంటుంది. సోర్సులో ఉన్న ఏ ఫైలు ఎవరు రాశారు, ఏ షరతు మీద ఇచ్చారు అని తు.చ. తప్పకుండా అందులో రాయాలి. నిలకడలో నలభై ఒక్క ఫైళ్లున్నాయి. నలభై ఫైళ్ల నెత్తిన రాసినవాడి పేరూ, అందరూ వాడుకోవచ్చనే మాటా ఉన్నాయి. ఒక్కదాని మీద ఏమీ లేదు. వదిన దాన్ని చూసింది. ఎగువాయనను అడగాలి అనుకుంది. కానీ అవి మామయ్య పెన్నులు పారేయించిన కొత్త రోజులు. పైన గదిలో ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్న రోజులు. నలభై ఫైళ్లు ఇచ్చినవాడు నలభై ఒకటోది ఇవ్వడా అనుకుని, కాగితంలో అన్నిటికీ కలిపి ఒకే మాట రాసేసింది. కత్తెర కంట కూడా పడలేదు.

ఏడేళ్ల తర్వాత, డిస్ట్రో కొత్త కూర్పు వెలువడబోయే ముందు, నిలకడలో చిన్న మరమ్మతు అవసరమై ఆమె ఆ ఫైలు తెరిచింది. వణుకును వడగట్టే లెక్క మొత్తం అందులోనే ఉంది. మూడొందల వరసలు దాటాక, ఎగువాయన తనకోసం రాసుకున్న రెండు ముక్కలు కనిపించాయి. ఈ లెక్క నాది కాదు, ఫలానా ఆవిడ నోటుపుస్తకంలోది, ఎవరికైనా ఇచ్చేముందు ఆవిడను అడగాలి, అని. వదిన ఆ మధ్యాహ్నం కిందికి వచ్చి ఇస్త్రీ బల్ల పక్కన నిలబడింది.

నాకు చెప్పింది. నాకు తోచింది నేను చెప్పాను. ఏడేళ్లుగా మూడో కంటికి తెలియనిది ఇప్పుడు కొత్తగా ఎవరికి తెలుస్తుంది, ఆ రెండు ముక్కలూ చెరిపేసి హాయిగా పడుకో, అన్నాను. దుప్పటి మడత పెడుతున్నట్టు అంత సులువుగా అన్నాను.

"రేపటినుంచి నాన్న ఏ వీధి గీసినా నాకు ఆవిడే గుర్తొస్తుంది కదమ్మాయ్," అంది వదిన.

ఆ సాయంత్రమే ఆమె కత్తెరకు ఉన్నదున్నట్టు రాసింది. తప్పు నాది, ఏడేళ్ల క్రితం అడగకుండా ఊహించి రాశాను, అని. అతను రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. ఆవిడ అనుమతి రాతపూర్వకంగా వచ్చేదాకా నిలకడను డిస్ట్రోలోంచి తీసేస్తున్నాం, కొత్త కూర్పుకు తలుపు మూసే తేదీ లోగా వస్తే మళ్లీ చేర్చుకోవచ్చు. ఆ తేదీకి ఇరవై మూడు రోజులుంది. దాటితే మళ్లీ తలుపు తెరిచేది రెండేళ్లకు. మామయ్యకు అప్పటికి డెబ్బై ఎనిమిది.

ఆయన కంప్యూటర్లో ఉన్న పాత నిలకడను ఎవరూ వచ్చి లాక్కుపోరు కదా అని నేను ధైర్యం చెప్పుకున్నాను. కానీ వదిన పైకి వెళ్లి తండ్రికి కూడా చెప్పేసింది. ఈ మనిషికి ఎక్కడ ఆగాలో తెలియదు. మామయ్య అంతా విని, ఎవరూ నడిచి కొలవని గీతను పటంలో పెట్టడం తమ ఆఫీసులో దొంగతనం కింద లెక్క అని, అడగకుండా తెచ్చుకున్న లెక్కతో గీసిందీ అంతేనని చెప్పి, నిలకడను తన చేత్తోనే ఆపేశారట. మర్నాడు సాయంత్రం ఆ ఊరినుంచి ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మేము టీ తాగుతూ మాట్లాడుకోవడానికి ఏమీ లేక, మునిసిపాలిటీ నీళ్ల గురించి మాట్లాడుకున్నాం.

వదిన ఎగువాయనకు ఉత్తరం రాసింది. ఆయన పదకొండు రోజులు జవాబివ్వలేదు. ఆ పదకొండు రోజులూ ఆమె కళ్లలో వత్తులు వేసుకుని తెర చూసింది. పన్నెండో రోజున జవాబు వచ్చింది. అడగాలనే అనుకున్నాను, మరిచిపోయాను, ఏళ్లు గడిచేకొద్దీ అడగడానికి మొహం చెల్లలేదు, అని రాశాడు పెద్దమనిషి. ఆవిడ ఒకప్పుడు భూకంపాలు నమోదు చేసే కేంద్రంలో పనిచేసిందట. రోడ్డు మీద లారీ పోయినా అక్కడి యంత్రం ముల్లు వణుకుతుంది. లారీ వణుకేదో, భూమి వణుకేదో విడదీయడానికి ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టి, నోటుపుస్తకంలో రాసుకుంది. పక్కింట్లో ఉండే ఈయన దాన్ని చూసి, మనిషి చేతికి పనికొస్తుందని తోచి, మక్కీకి మక్కీ టైపు చేశాడు. ఆవిడ బతికే ఉంది. ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటోంది, ఉత్తరాలు రాయదు. రైలెక్కి తానే వెళ్లి అడిగి వస్తానని రాశాడు.

ఆ రోజుల్లో వదిన మళ్లీ పాతలా కిటికీ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ ముల్లు గురించే ఆలోచిస్తున్నానని చెప్పింది. ఊరంతా పడుకున్నాక, భూమి లోపల ఎక్కడో ఒక పలక కాస్త కదిలితే, ఒక గదిలో ముల్లు కాగితం మీద అది రాస్తుంది. పొద్దున ఒకావిడ వచ్చి ఆ కాగితం చేతిలోకి తీసుకుని, ఇది పాలబండి, ఇది గాలి, ఇది భూమి అని వేరు చేస్తుంది. అలా వేరు చేసిన చేయి ఏడేళ్లుగా నాన్న చేయి పట్టుకుని నడిపిస్తోంది, ఆవిడకు ఆ సంగతే తెలియదు. వదిన ఇలా చెబుతుంటే నాకు కూడా నేల కింద ఏదో మెత్తగా కదులుతున్నట్టు అనిపించింది. కింద మా ఉతికే యంత్రం తిరుగుతోంది, అంతే.

తేదీకి ఆరు రోజులుందనగా ఎగువాయన మళ్లీ రాశాడు. ఆవిడ ఇస్తానంది. ఒక్కటి అడిగింది. ఎవరి చేతి కోసం ఈ మూట మొదట కట్టారో ఆ చేతి గీతలు రెండు చూడాలని ఉందట. ఒకటి నిలకడ ఆపి గీసింది, ఒకటి పెట్టి గీసింది. తన లెక్క ఏం చేస్తోందో కళ్లారా చూడాలట. అందులో తప్పేముంది?

మామయ్య ఒప్పుకోలేదు. పెట్టి గీసింది ఎన్నైనా పంపుతాను, ఆపి గీసింది పంపనన్నారు. వదిన బతిమాలలేదు, గుచ్చి గుచ్చి అడగలేదు. సరే నాన్నా అని కిందికి వచ్చేసింది. నాకు ఉండబట్టలేదు. కావాలంటే నేనే చేయి వణికించి ఒక గీత గీస్తానని, మౌస్ పట్టుకుని గజగజా ఒక గీత గీసి చూపించాను. వదిన చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది. జీవితమంతా నిజం వణుకునూ దొంగ వణుకునూ వేరు చేసిన మనిషి దగ్గరికా దీన్ని పంపేది అంది. నేనూ నవ్వాను. కానీ మామయ్య మీద కోపం మాత్రం పోలేదు. రెండు రోజులు చూసి, ఉతికిన బట్టలు ఇచ్చే మిషతో పైకి వెళ్లి, నోటికొచ్చినట్టు మాట్లాడాను. మీ అమ్మాయి ఏడేళ్లు మీకోసం ఇంత చేస్తే, మీరు ఒక్క గీత గీయలేరా మామయ్యా, అని. ఆయన చేతులు స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ అంతా విన్నారు.

తలుపు మూసే తేదీ ముందు రోజు మధ్యాహ్నం ఆయన మెట్లు దిగి వచ్చారు. కిటికీ బయట ఆవిరి లేస్తోంది. వదిన లేచి తన కుర్చీ ఇచ్చింది. ఆయన కూర్చుని, జేబుల్లోంచి చేతులు తీశారు.

ఏం చెప్పను! నేను ఏడేళ్ల క్రితం చూసిన వణుకు కాదు అది. అప్పుడది సన్నగా, గాలికి కాగితం కదిలినట్టు ఉండేది. ఇప్పుడు చేయి మోచేతి దాకా ఎగిరెగిరి పడుతోంది. మౌస్ అందుకోవడానికే ఆయనకు మూడుసార్లు పట్టింది. నిలకడ ఆపి ఉంది. ఎడమనుంచి కుడికి ఒక గీత గీద్దామని మొదలుపెట్టారు. తెర మీద పడినదాన్ని గీత అనడానికి లేదు. పైకీ కిందికీ కొట్టుకుంటూ, తన మీద తానే పడుతూ, మధ్యలో రెండుసార్లు తెర అంచు దాటిపోయి, ఎలాగో అవతలికి చేరింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. తర్వాత నిలకడ పెట్టి రెండోది గీశారు. తెర మీద వెంట్రుకంత సన్నటి, తిన్నటి గీత నింపాదిగా సాగిపోతోంది. బల్ల మీద చేయి అలాగే ఎగిరెగిరి పడుతోంది. వదిన తెర చూడలేదు. ఆ చేతినే చూస్తోంది.

నాకు ఒక్కొక్కటీ అప్పుడు అర్థమైంది. చొక్కాలకు గుండీలు తీసేసి నొక్కుడు గుండీలు కుట్టమని రెండేళ్ల క్రితం ఆయన అడిగితే, కుర్రాళ్ల ఫ్యాషన్ వచ్చిందేమిటి మామయ్యా అని ఆటపట్టించాను. టీ పైకి పంపమంటే, దర్బారు పైనే పెట్టారని సణిగాను. రోజూ ఆయన బట్టలు నా చేతుల మీదుగా పోయేవి. ఒక్కనాడూ ఆ చేతులు చూడలేదు. నాకు నా మీద అసహ్యం వేసింది.

వదిన మోకాళ్ల మీద కూర్చుని ఆయన ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో ఎప్పుడూ ఉండే ఆ ఎటో పోయే చూపు లేదు.

"ఇంతయిందని నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన గీత పూర్తి చేసి మౌస్ వదిలారు.

"నువ్వు చూడకూడదనే కదమ్మా రోజూ గీసి పంపాను," అన్నారు. "నాకు ఊరెందుకు?"

వదిన ఆయన రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకున్నా అవి ఆగలేదు. ఆమె చేతులు కూడా వాటితో పాటు కదిలాయి, భుజాల దాకా. అలా ఎంతసేపున్నారో నాకు తెలియదు. నేను కొట్టులో పనుందని అబద్ధమాడి మెట్ల మీదికి వెళ్లి ఏడ్చాను.

గీతలు రెండూ ఆ సాయంత్రమే వెళ్లాయి. ఎగువాయన ఇంకా ఆవిడ ఊళ్లోనే ఉన్నాడు. మర్నాడు పదకొండు గంటలకు ఆవిడ చేత్తో రాసిన కాగితం ఫోటో వచ్చింది. ఈ లెక్కను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని పైన రాసి సంతకం పెట్టింది. కింద ఇంకో రెండు వరసలున్నాయి. రెండో గీత నాకు అక్కర్లేదు, మొదటిది ఉంచుకున్నాను, ఇలాంటి వణుకులను చెరిపేస్తూ నలభై ఏళ్లు గడిపాను, ఏది ఎవరిదో అడగలేదు, అని. వదిన కళ్లద్దాల కొట్టుకు సెలవు పెట్టి కూర్చుని, నలభై ఒకటో ఫైలు నెత్తిన ఆవిడ పేరు రాసి, ఖాళీ గదిలో మూట కట్టి, తలుపు మూయడానికి నాలుగు గంటల ముందు పంపింది. కత్తెర ఆ ఒక్కసారి ఏమీ కోయలేదు.

ఇప్పుడు వదిన రోజూ సాయంత్రం పైకి వెళుతుంది. మామయ్య మొదట నిలకడ ఆపి ఒక గీత గీస్తారు. ఆమె పక్కన కూర్చుని ఆ చేతిని చూస్తుంది. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు బాగుండదు. బాగుండని రోజున ఆమె కిందికి వచ్చి, ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ఇవాళ నాన్నకు బాగా లేదు అని నాతో చెబుతుంది. ఏడేళ్లలో ఆ మాట ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు.